పెన్నాలో గని వ్యర్థాలు కలిస్తే పక్షుల్ని, చేపల్ని పరీక్షించాలా? నీళ్ల శాంపిల్స్ చాలవా?

పెన్నాగట్టు:
పైన ఎక్కడైనా గని వ్యర్థాల కట్ట తెగి నదిలో కలిసిందనుకుందాం. నది కోలుకుందో లేదో ఎలా తెలుస్తుంది? మనకెందుకులే అనుకోవద్దు. కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం వ్యర్థాల చెరువు పెన్నా పరివాహకంలోనే ఉంది. దిగువన సోమశిల, ఆ దిగువన నెల్లూరు. ప్రమాదం జరిగిందనడం లేదు, జరిగితే సంగతేంటని అడుగుతున్నా.

నా ఓటు జంతువులకే. 1998 ఏప్రిల్ 25న స్పెయిన్‌లో అజ్నాల్‌కోయార్ గని కట్ట తెగింది. జింకు, సీసం, ఆర్సెనిక్, కాడ్మియం నిండిన బురద గ్వాదియమార్ నదిలో పడి, పక్షులకు పేరున్న దొన్యానా చిత్తడి అడవుల అంచుదాకా వచ్చింది. బురదంతా ఎత్తిపోశారు. అయినా కొన్నేళ్ల తర్వాత కూడా అక్కడి కొంగపిల్లల రక్తకణాల్లో డీఎన్‌ఏ దెబ్బ మిగతాచోట్ల పిల్లలకంటే ఎక్కువే కనిపించింది. సీసాలో పట్టిన నీళ్లు ఆ పూట సంగతి చెప్తాయి, అంతే. ఒంట్లోకి ఏం చేరిందో వాటికేం తెలుసు?

చీమకుర్తిరాయి:
అన్నా, కొంగలకు రెక్కలుంటాయి. నేలపట్టు గూడబాతు పులికాట్‌లో మేసి వస్తుంది. దాని ఒంట్లో సీసం దొరికితే ఎవరి ఖాతాలో రాస్తావు? పైగా 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం పట్టుకోవడానికి అనుమతి కావాలి. ఫైలు కదిలేలోపు విషం సముద్రంలో కలిసిపోతుంది. మా వైపు గ్రానైట్ పాలిషింగ్ బురద గుండ్లకమ్మలో పడితే నీళ్లు బూడిదరంగుకు తిరుగుతాయి, కంటికే కనిపిస్తుంది. దానికి ఏ కొంగ సాక్ష్యమూ అక్కర్లేదు.

పొదిలిమాస్టారు:
స్పెయిన్‌లో చూసింది ఎగిరే కొంగల్ని కాదబ్బాయ్, గూట్లో పిల్లల్ని. తల్లీతండ్రీ చుట్టుపక్కల ఏరి తెచ్చిందే వాటి తిండి. కాబట్టి ఖాతా అంత తికమక కాదు.

అసలు ముందు అడగాల్సింది విషం ఏదని. 2000 జనవరి 30న రొమేనియాలో బయా మారే దగ్గర బంగారు గని కట్ట తెగి దాదాపు లక్ష ఘనపు మీటర్ల సైనైడ్ నీళ్లు వదిలింది. తీసా నదిలో చేపలు టన్నులకొద్దీ తేలాయి. సైనైడ్ ఒంట్లో నిలవుండదు. చంపితే చంపుతుంది, లేకపోతే విరిగిపోతుంది. మరుసటి ఏడాది చేపను కోసి వెతికితే ఏం దొరుకుతుంది? కాడ్మియం, పాదరసం అలా కాదు, పేరుకుంటాయి. జంతువులు పనికొచ్చేది అక్కడే.

నన్నడిగితే కొంగలకన్నా ఆల్చిప్పలు మేలు. ఇసుకలో సగం దిగబడి, నల్ల పెంకు అంచు మాత్రం బయటపెట్టి, పూటంతా నీళ్లు వడకడుతూ ఉంటాయి. ఊరు మారవు. పోలండ్ రాజధాని వార్సాలో తాగునీటి కేంద్రం వాళ్లు ఎనిమిది ఆల్చిప్పలకు సెన్సర్లు అంటించి కాపలా పెట్టారు. నీళ్లు తేడా కొడితే అవి టక్కున మూసుకుంటాయి.

కండలేరువల:
మాస్టారూ, మీరంతా చేపను కోస్తామంటున్నారు, అమ్ముకునే మా సంగతో? "చేపల్లో సీసం" అని వాట్సాప్‌లో ఒక్క మెసేజ్ తిరిగితే చాలు. బేసిన్‌లో ఎగిరెగిరి పడుతున్న కొర్రమీనును కూడా అటూ ఇటూ తిప్పి చూసి వెళ్లిపోతారు. కాలేయం తీసి పరీక్ష చేసి ఆ అంకె పేపర్లో వేస్తారు. జనం తినేది కండ కదా!

పొదిలిమాస్టారు:
న్యాయమైన మాట. కాడ్మియం కాలేయంలో, మూత్రపిండాల్లో ఎక్కువ చేరుతుంది, కండలో తక్కువ. పాదరసం మాత్రం కండలోనే కూర్చుంటుంది. కండ అంకె, కాలేయం అంకె విడివిడిగా రాయాల్సిందే. నదికి ఏమైందో కాలేయం చెప్తుంది, తినొచ్చో లేదో కండ చెప్తుంది.

పెన్నాగట్టు:
మరి పోల్చడానికి పాత లెక్క ఎక్కడుంది? కట్ట తెగాక పరుగెత్తితే, ఈ కాడ్మియం నిన్నటిదా, పదేళ్లనాటిదా అని వాదించుకుంటూ కూర్చుంటాం. సోమశిల ఎగువన ఒక చోట, దిగువన ఒక చోట ఏటా ఆల్చిప్పలు తీసి ఫ్రీజర్‌లో దాచిపెట్టాలి. కాలేజీ జువాలజీ వాళ్లు చేయగలిగిన పనే, పెద్ద ఖర్చేం కాదు.

చీమకుర్తిరాయి:
ఆల్చిప్పల వరకు ఒప్పుకుంటా. కానీ మొదటి గంటల్లో నీళ్ల శాంపిల్, బురద శాంపిల్ పట్టకపోతే "ఆ విషం మాది కాదు" అని గనివాడు తప్పించుకుంటాడు. ఫ్రీజర్ చూపించి సీసా మానేస్తామంటే మాత్రం నేను ఒప్పుకోను.