వేప దుంగ పగలకుండా ఆరబెట్టడం ఎలా? చెక్కడం తెలిసినవాళ్లు చెప్పండి

మాది పర్లాకిమిడి. మొన్న గాలివానకి పెరట్లో పెద్ద వేపచెట్టు పడిపోయింది, నాన్నగారు పొయ్యిలోకి అంటుంటే అడ్డుపడి కొన్ని దుంగలు పక్కన పెట్టించాను. వాటితో జానెడు బొమ్మలు చెక్కాలని ఆశ. మా ఒడిశాలో వేప అంటే చిన్న విషయం కాదు కదా, 2015 నవకళేబరానికి, అంటే పాత విగ్రహాల స్థానంలో కొత్తవి పెట్టే వేడుకకి, పూరీలో కొత్త జగన్నాథ విగ్రహాలు చేసింది వేపమానుతోనే.

సమస్య ఏంటంటే, కోసిన చివర్లలో అప్పుడే సన్నటి బీటలు కనిపిస్తున్నాయి. తడి చివర్ల నుంచే తొందరగా పోతుంది కాబట్టి అక్కడ మైనం పూయాలని తెలుసు, కానీ మామూలు కొవ్వొత్తి మైనం చాలా, లేక పాత పెయింట్ మందంగా వేసినా పర్లేదా? నడిమి గుండె మీదుగా రెండుగా చీల్చేస్తే బీటలు తగ్గుతాయని మా వీధి వడ్రంగి అంటాడు. నిజమే కావచ్చు, కానీ అప్పుడు బొమ్మకి వెడల్పు చాలదేమోనని టెన్షన్.

ఇంకోటి. కొండపల్లి వాళ్లు వాడే తెల్ల పొణికి, ఏటికొప్పాక వాళ్ల అంకుడు రెండూ మెత్తని కర్రలు. వేప చేవ గట్టిది, పైగా పీచు మెలితిరిగి ఉంటుంది. మరి పచ్చిగా ఉండగానే ముతకగా చెక్కేసి తర్వాత ఆరబెట్టడం మంచిదా? ఉలి పెట్టినప్పుడు పీచు లేచిపోకుండా ఏం చేస్తారు? బరంపురం, రాయగడ వైపు వేప మీద పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, వంపు ఉలులు ఎక్కడ దొరుకుతాయో కూడా. యూట్యూబ్ చూసి చెప్పేవాళ్లు మాత్రం వద్దండీ బాబూ.