డయాలసిస్ మీద ఉన్నవారికి తోటి రోగుల బృందం మేలు చేస్తుందా?

పెన్నహోబిలం (అనంతపురం):
మా నాయనకు రెండు మూత్రపిండాలూ పనిచేయడం లేదు. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు తీసుకుపోతున్నాము. రక్త పరీక్షలు డాక్టరు చెప్పిన హద్దుల్లోనే ఉన్నాయి గాని, మనిషి మాత్రం మాట తగ్గించేశారు. చేను కౌలుకిచ్చినప్పటి నుంచి రచ్చకట్ట మీద కూర్చోవడం కూడా మానుకున్నారు. అదే వార్డులో చికిత్స పొందుతున్నవారి కుటుంబాలు కొన్ని కలిసి నెలకొకసారి సమావేశం కావాలనీ, వాట్సాప్‌లో గ్రూపు పెట్టుకోవాలనీ అనుకుంటున్నాయి. నాయనను అందులో చేర్చడం మంచిదేనా, లేక పదిమంది బాధలు విని ఆయన ఇంకా కుంగిపోతారా అన్నది నా సందేహం. అనుభవం ఉన్నవారు, వైద్యం తెలిసినవారు దయచేసి చెప్పండి.

గండికోట (కడప):
అమ్మా, నేను చాలా ఏళ్లుగా డయాలసిస్ మీదే ఉన్నాను. తోటి రోగుల వల్ల నాకు కలిగిన మొదటి మేలు దాహం విషయంలో. రోజుకు ఇన్ని నీళ్లే తాగాలని డాక్టరు చెప్పి పంపిస్తారు. మే నెలలో మన సీమ ఎండలకు ఆ కొలతతో ఎట్లా బతకాలో మాత్రం అదే కొలతతో బతుకుతున్న మనిషే చెప్పగలడు. రోజుకు సరిపడే నీళ్లు పొద్దున్నే ఒక సీసాలో పోసి పెట్టుకోవాలని, అందులో కొన్నింటిని మంచుముక్కలుగా చేసి ఒక్కొక్కటి నోట్లో పెట్టుకుంటే దాహం ఎక్కువసేపు ఆగుతుందని, ఊరగాయ, అప్పడం మానితే దాహమే తగ్గుతుందని, మజ్జిగ, చారు కూడా నీళ్ల లెక్కలోకే వస్తాయని నాకు పక్క మంచం పెద్దాయన చెప్పారు. కూరగాయల ముక్కలను ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే పొటాషియం కొంత తగ్గుతుందని ఆయన భార్య మా ఇంట్లోవాళ్లకు నేర్పింది. ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్‌తో రక్తనాళాలను కలిపిన చోటు) ఉన్న చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకూడదని, ఆ చేత్తో బిందె ఎత్తకూడదని కూడా వారే పదేపదే గుర్తు చేసేవారు. ఇవన్నీ ఆస్పత్రిలోనూ చెబుతారు, కాని చెప్పిన రోజు మనకు చెవికెక్కే స్థితి ఉండదు.

మరొక సంగతి. తనకు భయంగా ఉందని పిల్లల ముందు అనలేని తండ్రి, తోటి రోగి దగ్గర ఆ మాట అనగలడు.

తుంగభద్ర (కర్నూలు):
నేను వైద్యుడిని. ఇది కొత్త ఆలోచన కాదు. 1905లోనే బోస్టన్‌లో జోసెఫ్ ప్రాట్ అనే వైద్యుడు పేద క్షయ రోగులను వారం వారం ఒకచోట కూర్చోబెట్టి, ఒకరిని చూసి మరొకరు ధైర్యం తెచ్చుకోవడం గమనించారు. అయితే ఏమి ఆశించవచ్చో ముందే తేల్చుకోవాలి. 1989లో డేవిడ్ స్పీగెల్, ఆయన సహచరులు, ఒంట్లో ఇతర భాగాలకు పాకిన రొమ్ము క్యాన్సర్ ఉన్న 86 మంది స్త్రీలను గమనించి, బృందంగా కలిసి మాట్లాడుకున్నవారు ఎక్కువ కాలం జీవించారని ప్రకటించారు. 2001లో కెనడాలో అదే జబ్బు ఉన్న 235 మందితో వెలువడిన అధ్యయనంలో ఆయుష్షు పెరగలేదు గాని, మనోవేదన, నొప్పి తగ్గాయి. ఆ మేలు కూడా మొదట్లో ఎక్కువగా కుంగి ఉన్నవారిలోనే బాగా కనిపించింది. మీ నాయనగారి విషయంలో నేను ముఖ్యమని భావించేది ఈ ఫలితమే.

ఊరికే కూడడం కంటే పద్ధతిగా కూడడం మేలు. దీర్ఘకాల రోగుల కోసం అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో కేట్ లోరిగ్ రూపొందించిన తరగతులు వారానికి రెండున్నర గంటల చొప్పున ఆరు వారాలు జరుగుతాయి, శిక్షణ పొందిన సామాన్యులే వాటిని నడుపుతారు. గుండె, ఊపిరితిత్తుల జబ్బులు, కీళ్ల జబ్బులు ఉన్నవారిపై 1999లో వెలువడిన ఫలితాల ప్రకారం వ్యాయామం పెరిగింది, ఆస్పత్రిలో ఉండవలసిన రోజులు తగ్గాయి. కనుక మీరు కూడా ప్రతి సమావేశానికి ఒక విషయం ముందే అనుకోండి. కాని నిద్ర, ఆకలి పోయి, బతకడం ఎందుకన్న మాట ఆయన నోట వస్తే, బృందంతో సరిపెట్టకుండా వెంటనే మానసిక వైద్యుడికి చూపించండి.

హంద్రీ (కర్నూలు):
సమావేశం మంచిదే, వాట్సాప్ గ్రూపు విషయంలో మాత్రం జాగ్రత్త అవసరమని నా అభిప్రాయం. మావారు ఉన్న గ్రూపులో ఒకరు ఏదో పసరుతో కిడ్నీలు బాగవుతాయని రాశారు, మరొకరు ఎండాకాలం కొబ్బరినీళ్లు చలువ చేస్తాయన్నారు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. డయాలసిస్ రోగికి అది గుండె లయనే దెబ్బతీయగలదు. అక్కడ కాదని చెప్పేవారే లేకపోయారు. పైగా ఎవరైనా పోయినప్పుడు ఆ వార్త ఏ అర్ధరాత్రో ఫోనులో చూసి మావారు రోజుల తరబడి ముభావంగా ఉండిపోయేవారు. వార్డు నర్సమ్మనో టెక్నీషియన్‌నో ఒప్పించి గ్రూపులో పెట్టండి; మందులు, తిండి గురించిన సలహా వారు సరేనన్నాకే పాటించాలన్న నియమం ఉండాలి. మరణ వార్తను ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాలి.

పెన్నహోబిలం (అనంతపురం):
అందరికీ కృతజ్ఞతలు. నర్సమ్మతో రేపే మాట్లాడతాను. అయితే నాయన సమావేశానికి రానంటే ఏమి చేయాలి?

గండికోట (కడప):
బలవంతం చేయకండి. డయాలసిస్ లేని రోజున ఆటో ఖర్చు పెట్టుకుని, నీరసంతో మళ్లీ ఆస్పత్రి వైపు రావాలంటే ఎవరికైనా మనసు ఒప్పదు. మిషను మీద ఉండే ఆ నాలుగు గంటల్లోనే, అదే షిఫ్టులోని ఇద్దరు ముగ్గురితో మొదలుపెట్టండి. సేద్యం చేసిన మనిషి పక్కన మంచం ఇమ్మని టెక్నీషియన్‌ను అడిగి చూడండి. వార్డులో ఎవరైనా కొత్తగా చేరితే, మొదటి రోజుల్లో తనకు ఎట్లా ఉండేదో వారికి చెప్పమని నాయననే అడగండి. తన బాధ చెప్పుకోవడానికి రాని మనిషి, ఇంకొకరికి ధైర్యం చెప్పమంటే కాదనలేడు.