‘మణిచిత్రతాళు’ చూసిన తరువాత ‘చంద్రముఖి’ని ఎలా చూడాలి?

సంపెంగపూలు (ప్రశ్న):

సభ్యులందరికీ నమస్కారం. 2005లో ‘చంద్రముఖి’ తెలుగులో విడుదలైనప్పుడు నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. జ్యోతిక మంచాన్ని ఒంటిచేత్తో పైకెత్తినప్పుడు పక్కనే కూర్చున్న మా అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకున్న సంగతి నాకు ఇంకా గుర్తుంది. ఆనాటి నుంచి దయ్యాల బంగళా కథ అనగానే నాకు ఆ చిత్రమే మనసులో మెదులుతుంది. దానికి మూలం 1993లో ఫాజిల్ దర్శకత్వంలో వచ్చిన మలయాళ చిత్రం ‘మణిచిత్రతాళు’ అని తెలిసినా, కథ తెలిసిపోయింది కదా అని ఇన్నేళ్ళూ చూడలేదు.

2024 ఆగస్టులో ఆ చిత్రాన్ని 4కె నాణ్యతతో మళ్ళీ విడుదల చేసినప్పుడు ఉద్యోగరీత్యా కొచ్చిలో ఉన్నాను కాబట్టి సహోద్యోగులతో కలిసి వెళ్ళాను. కథ ఆసాంతం తెలిసి కూడా భయపడ్డాను. మోహన్‌లాల్ పోషించిన డాక్టర్ సన్నీ పాత్ర సినిమా చాలా దూరం నడిచాక గాని రాదు. అప్పటివరకు ఆ ఇంట్లో గంగ (శోభన), ఆమె భర్త నకులన్, బెదిరిపోయిన బంధువులు, వారితో పాటు మనం తప్ప దిక్కంటూ ఎవరూ ఉండరు. ‘చంద్రముఖి’లో రజనీకాంత్ మొదట్లోనే ఒక పోరాటంతో, ఆ వెంటనే ఒక పాటతో వస్తారు. కాపాడేవాడు వచ్చేశాడని తెలిసిన తరువాత ఇల్లు మనల్ని ఎంతని భయపెట్టగలదు? చిన్నప్పుడు నేను అంతగా ప్రేమించిన చిత్రం మూలానికి అన్యాయం చేసిందా అన్నది నా సందేహం. రెండూ చూసినవారు, ముఖ్యంగా మలయాళ చిత్రాన్ని ముందు చూసినవారు, తమ అభిప్రాయం చెప్పగలరని కోరుతున్నాను.

పాతరీళ్ళు:

నేను మలయాళ చిత్రాన్నే ముందు చూశాను, కనుక నా మాటలో కొంత పక్షపాతం ఉండవచ్చు. నా ఉద్దేశంలో రీమేక్ పోగొట్టుకున్న మొదటి విషయం ఇల్లే. మలయాళ చిత్రాన్ని త్రిపుణితురలోని హిల్ ప్యాలెస్‌లోను, పద్మనాభపురం ప్యాలెస్‌లోను తీశారు. పద్మనాభపురం వెళ్ళినవారికి ఆ కట్టడం తీరు తెలిసే ఉంటుంది. అది నల్లగా నునుపు తేలిన నేల, తల వంచితే తప్ప దాటలేని గుమ్మాలు, చెక్క జాలీల గుండా సన్నగా జారే వెలుతురు ఉన్న ఇల్లు. అక్కడ ఎవరు ఎవరిని చూస్తున్నారో తెలియదు. కథలో మూసి ఉంచిన గది పేరు తెక్కిని, ఆ మాటకు దక్షిణం వైపు భాగం అని మాత్రమే అర్థం. మన పల్లెటూరి మండువా ఇళ్ళలో ఎవరూ వాడని గది ఒకటి ఉన్నట్టే, ఆ ఇంట్లోనూ ఉంది. పేరులోని ‘తాళు’ మన తాళమే. చిత్రమంతా ఆ చిత్రవిచిత్రమైన తాళం చుట్టూ, దాన్ని తెరవాలన్న ఒక ఇల్లాలి కోరిక చుట్టూ తిరుగుతుంది. ‘చంద్రముఖి’లోని రాజభవనం చూడడానికి ఘనంగానే ఉంది గాని, మనం కాపురం ఉండగల ఇల్లు అనిపించదు. కాపురం ఉండగల ఇంట్లో పుట్టిన భయమే నిద్ర పట్టనివ్వదు.

నాకు మరింత బాధ కలిగించినవి రెండు మార్పులు. ఒకటి పాము. దయ్యం లేదు, ఉన్నది మనసుకు వచ్చిన జబ్బు అని కథ చెబుతూ ఉంటే, ఆ భవనంలో ఒక పెద్ద పాము తిరుగుతూ ఉంటుంది. దానికి కథలో ఎక్కడా సమాధానం లేదు. మధు ముట్టం రాసిన మూలకథలో అటువంటి దారి తప్పించే వస్తువు కనిపించదు. రెండవది పతాక సన్నివేశం. మలయాళంలో గంగ జబ్బు వల్ల తానే నాగవల్లి అనే పాతకాలపు నర్తకినని అనుకుంటుంది. ఆ నాగవల్లి తన పగ తీర్చుకోబోయేది ఎదుట ఉన్న భర్త నకులన్ మీదనే, ఎందుకంటే ఆమె కళ్ళకు అతడు ఒకప్పుడు నాగవల్లిని చంపిన శంకరన్ తంపిగా కనబడతాడు. అతడు పడుకున్న పలక తిరగబడి మనిషి స్థానంలో బొమ్మ వచ్చేలోపు ఏదైనా పొరపాటు జరిగితే, భార్య చేతిలో భర్త ప్రాణాలు పోతాయి. తమిళంలో ఆ స్థానంలో పడుకున్నది భర్త కాదు, శంకరన్ తంపికి బదులుగా పెట్టిన రాజు వేట్టైయన్ వేషంలో ఉన్న కథానాయకుడు. దాంతో ఆ భార్యాభర్తల మధ్య ఉన్న ప్రాణసంకటం కథానాయకుడి సాహసంగా మారిపోయింది. ‘చంద్రముఖి’ తీసిన పి. వాసు గారు సమర్థులైన దర్శకులు, ఆ విషయంలో నాకు అనుమానం లేదు. కాని ఈ మార్పు కథ గుండెకాయను కదిలించింది.

నగరివాసి:

పాతరీళ్ళు గారు ఇంటి గురించి రాసినది చదివాను, దానితో ఏకీభవిస్తాను. అయితే రీమేక్ ఎంతో శ్రద్ధతో చేసిన పని ఒకటి ఉంది. దాని గురించి చర్చ జరగకపోవడం నాకు వెలితిగా తోచింది కాబట్టి రాస్తున్నాను.

మలయాళంలో నాగవల్లి తంజావూరు నుంచి వచ్చిన నర్తకి. మలయాళం మాట్లాడే గంగ నోట ఒక్కసారిగా తమిళం వినబడడమే ఆ చిత్రంలోని భయానికి మూలం. అదే కథను తమిళంలో తీస్తే ఆ తమిళం ఇంటి భాషే అయిపోతుంది కదా. అందుకే తమిళ ‘చంద్రముఖి’లో ఆమెను విజయనగరం నుంచి వచ్చిన తెలుగు నర్తకిని చేసి, భువనచంద్ర గారిచేత ‘రా రా’ పాటను తెలుగులో రాయించారు. ఆ చిత్రాన్ని తెలుగులోకి తెచ్చినప్పుడు తెలుగు పాటను అలాగే ఉంచేయడం ఎంతో సులువు, కాని ఉంచలేదు. మనం థియేటర్లో విన్నది ‘వారాయ్’ అనే తమిళ పాట. 2007లో ప్రియదర్శన్ హిందీలో తీసినప్పుడు ఆమె బెంగాలీ మంజులిక అయింది. మలయాళ చిత్రానికి రెండవ యూనిట్ దర్శకత్వంలో సాయపడినవారిలో ప్రియదర్శన్ కూడా ఒకరు కాబట్టి, ఈ కీలకం ఆయనకు దగ్గరగా తెలిసే ఉంటుంది. ప్రతిచోటా ఆ ప్రేక్షకులకు దగ్గరి భాషనే ఎంచుకున్నారు, అంటే సగం అర్థమై సగం అర్థం కాని భాషను. పూర్తిగా తెలియని భాష అయితే వింతగా మాత్రమే ఉంటుంది, భయం వేయదు.

మాది నగరి ప్రాంతం. బడిలో తెలుగు, ఇంట్లో మా అవ్వతో అరవం మాట్లాడుతూ పెరిగాను. ‘చంద్రముఖి’ని తిరుత్తణిలో తమిళంలో చూసి, వారం తిరక్కుండానే నగరిలో తెలుగులో చూశాను. తిరుత్తణిలో దయ్యం తెలుగు మాట్లాడితే, హాలులో అందరూ బిగుసుకుపోయి ఉండగా నాకు మాత్రం ప్రతి మాటా తెలిసింది. నగరిలో దయ్యం తమిళం మాట్లాడినప్పుడు అది మా అవ్వ భాష. ఆ రాత్రి అవ్వ పెరట్లో నీళ్ళు తోడుకుంటూ తనలో తాను ఏదో పాడుకుంటుంటే నేను దుప్పటి ముసుగు తీయలేదు. మలయాళ చిత్రాన్ని చాలా ఏళ్ళ తరువాత చూసినప్పుడు, శోభన గొంతులో ఆ తమిళం వినగానే నాకు ముందుగా గుర్తుకు వచ్చింది మా పెరడే. ఈ భాష సంగతిని నిలబెట్టినందుకైనా రీమేక్‌కు మర్యాద దక్కాలని నా మనవి.

తంబుర:

నగరివాసి గారూ, మీరు ‘శోభన గొంతు’ అన్నారు కాబట్టి ఒక చిన్న వివరం చెబుతాను. అది ఆమె గొంతు కాదు. గంగకు భాగ్యలక్ష్మి, తమిళం మాట్లాడే నాగవల్లికి దుర్గ డబ్బింగ్ చెప్పారు. ఆ సంగతి చాలా ఏళ్ళ తరువాత ఫాజిల్ గారు చెప్పేదాకా ఎక్కువ మందికి తెలియదు. ఒక శరీరంలో ఇద్దరు అన్న కథకు నిజంగానే ఇద్దరు మనుషులు గొంతు ఇచ్చారన్నమాట. ఆ పాత్రకు శోభనకు ఉత్తమ నటిగా జాతీయ పురస్కారం వచ్చింది, అందుకు ఆమె కళ్ళు, నడక, మెడ తిప్పే తీరు చాలు.

సంగీతం గురించి కూడా చెప్పాలి. మలయాళ చిత్రానికి ఎం. జి. రాధాకృష్ణన్ ఒక పాటను ఆహిరి రాగంలో కట్టారు. ఆహిరి పొద్దున్నే పాడితే ఆ పూట అన్నం దొరకదని మా గురువుగారు నవ్వుతూనే అనేవారు, కాని పొద్దున ఎన్నడూ పాడించేవారు కాదు. శ్యామశాస్త్రి గారి ‘మాయమ్మ’ కృతి విన్నవారికి ఆ రాగంలో తల్లి కోసం బిడ్డ పడే ఆక్రోశం తెలుస్తుంది. అవ్వ దగ్గర పెరిగి, కలకత్తాలోని తల్లిదండ్రుల కోసం అలమటించిన గంగ బాల్యానికి అంతకంటే తగిన రాగం నాకు తోచదు. ‘చంద్రముఖి’కి విద్యాసాగర్ గారు కట్టిన పాటలు నాకు ఇష్టమే, వాటిని విడిగా ఎన్నిసార్లయినా వింటాను. కాని అవి గంగ బాల్యం దాకా వెళ్ళవు.

ఇంకొక మాట. ఈ కథ కన్నడంలో ‘ఆప్తమిత్ర’గా వచ్చినప్పుడు గంగ పాత్రను మన సౌందర్య పోషించారు. 2004 ఏప్రిల్‌లో ఆమె మరణించారు, చిత్రం ఆ ఆగస్టులో విడుదలైంది. రీమేకుల విలువ తూచేటప్పుడు నేను దాన్ని తూకంలో పెట్టలేను. ఆమె నాగవల్లిగా మారి తలెత్తి చూసే చూపు దగ్గర నాకు భయం వేయదు, దుఃఖం వస్తుంది.

సంపెంగపూలు:

అందరికీ కృతజ్ఞతలు. ‘వారాయ్’ పాట తమిళంలో ఎందుకుందో ఇన్నేళ్ళలో నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. మా ఊళ్ళో పిల్లలందరం అర్థం తెలియకుండానే దాన్ని అనుకరించి ఒకరినొకరు భయపెట్టుకునేవాళ్ళం. పాము విషయంలో మాత్రం పాతరీళ్ళు గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. చెన్నై శాంతి థియేటర్లో 800 రోజులకు పైగా ఆడిన చిత్రానికి ఆ పాము అవసరం లేదనే ఇప్పుడు కూడా అనిపిస్తోంది.

నిన్న రాత్రి మా అమ్మకు మలయాళ చిత్రం చూపించాను. తనకు భాష రాదు, సబ్‌టైటిల్స్ చదివే అలవాటూ లేదు, అందుకని పక్కన కూర్చుని నేనే మెల్లగా చెబుతూ వచ్చాను. మంచం ఎత్తే సన్నివేశంలో ఈసారి తను నా చెయ్యి పట్టుకోలేదు, నేనూ పట్టుకోలేదు. ఆ తరువాత కాసేపటికి, చిన్ననాటి గంగను అవ్వ నుంచి విడదీసి తీసుకుపోవడానికి పరీక్ష రోజున తల్లిదండ్రులు వచ్చారని డాక్టర్ చెప్పే చోట, తన చెయ్యి నా మోచేతి మీదికి వచ్చింది. చిన్నప్పుడు ఉద్యోగం కోసం నన్ను రెండేళ్ళు మా అమ్మమ్మ దగ్గర వదిలిపెట్టింది మా అమ్మ. తను ఆ ప్రస్తావన తేలేదు, నేనూ అడగలేదు. సినిమా అయిపోయే దాకా ఆ చెయ్యి అలాగే ఉంది.