భాగవతం పద్యాలు చదువుతుంటే నిఘంటువులో మాటలే దొరకట్లేదు

కొత్తపాఠకుడు:
పోతన భాగవతం మూలం మొదలుపెట్టాను. తాత్పర్యం చూస్తే కథ తెలుస్తోంది, పద్యం మాత్రం ఒంటబట్టట్లేదు. ‘గరి’, ‘వోయె’ లాంటివి నిఘంటువులో వెతికితే ఏమీ రావు. రోజుకు ముప్పై పద్యాలు లాగిస్తున్నా. ఎక్కడ తప్పుతున్నాను?

నల్లబల్ల:
మాటలు ఉన్నాయండీ, వేరే అక్షరం కింద ఉన్నాయి. ముందు మాట చివర ద్రుతం (‘న్’) ఉంటే తర్వాతి క చ ట త ప లు గ జ డ ద బ లవుతాయి. ‘కాచెన్ + కరిన్’ కాస్తా ‘కాచెం గరిన్’. వెతకాల్సింది ‘కరి’. ప్రథమా విభక్తి తర్వాతైతే అవి గ స డ ద వ లు కావచ్చు: ‘వాఁడు + పోయె’ = ‘వాఁడు వోయె’. క్రియనీ మూలరూపంలోకి తేవాలి. 1885 నాటి శబ్దరత్నాకరం నిఘంటువులో ‘పోయె’ కాదు, ‘పోవు’ చూడాలి. ఆంధ్రభారతి సైటులో చాలా నిఘంటువులు ఒకేసారి వెతకొచ్చు గానీ, సంధి విడదీసే పని మనదే.

కందపద్యం:
ముప్పై మరీ ఎక్కువ, ఐదు చాలు. పాదం చివర ఆగి అర్థం వెతకొద్దు, వృత్తంలో (ఉత్పలమాల, చంపకమాల లాంటి పద్యంలో) మాట సగంలో విరిగి కింది పాదంలోకి పోతుంది. రెండుసార్లు పైకి చదివి, సమాపక క్రియ (వాక్యాన్ని ముగించే క్రియ) పట్టుకుని ‘ఎవరు?’, ‘దేన్ని?’ అని అడగండి. ‘చూచి, చని, పలికి’ లాంటివి దానికి ముందు జరిగిన పనులు. పెద్ద సంస్కృత సమాసాన్ని చివరి మాట నుంచి వెనక్కి విప్పండి. మీ మాటల్లో రెండు వరుసలు పెన్సిలుతో రాశాకే తాత్పర్యం తెరవండి. ముందే చూస్తే, తెలిసిన కథే పద్యంలో కనబడి అంతా అర్థమైనట్టు భ్రమ. మర్నాడు పుస్తకం మూసి ఆ ఐదింటి అర్థం చెప్పిచూడండి. వచనాలు దాటేయకండి, కథ వాటిలోనూ నడుస్తుంది.

యతిమైత్రి:
ఎంత విడదీసినా కుదరకపోతే అచ్చుతప్పేమో చూడండి. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, యతి (పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరాల్సిన అక్షరం) 10వది. చంపకమాలకు 21, యతి 11వది. లెక్క తప్పినా, పాదాల రెండో అక్షరాలకు ప్రాస కలవకున్నా అనుమానించాల్సిందే. (సీసానికి ప్రాస నియమం లేదు.) యతి దగ్గర మాత్రం తొందరపడకండి, సంధిలో మరుగునపడ్డ అచ్చుకూ యతి చెల్లుతుంది.

కొత్తపాఠకుడు:
‘పోవు’ దొరికింది! అయితే ‘అపుడు సనియె’ అంటే ‘చను’ కింద చూడాలా?

నల్లబల్ల:
అవును, అక్కడే. వెళ్ళాడని అర్థం.