అప్‌డేట్: ‘గర్వపడుతున్నాను’ అని రాయవచ్చా?

నర్సింగ్ పూర్తిచేసిన మా అమ్మాయికి ఇచ్చే కార్డులో ‘నిన్ను చూసి గర్వపడుతున్నాను’ అని రాస్తే, మా అమ్మ ఆ మాటను పెన్సిలుతో కొట్టేసి ‘గర్వం మంచిది కాదురా’ అన్నదని, ఎవరిది సరైన వాడుక అని లోగడ అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

మీరు చెప్పినవి చదివాక అమ్మ అభ్యంతరం చాదస్తం కాదని తెలిసింది. గర్వభంగం, గర్వం తలకెక్కడం వంటి పాత పలుకుబడులన్నిటిలోనూ అది దోషమే. అరిషడ్వర్గాల్లోని మదానికి దగ్గరి చుట్టం. ‘గర్వకారణం’ అన్నప్పుడు మాత్రం అదే మాట మెప్పుగా మారుతుంది, పత్రికల్లో రోజూ కనిపించే ఈ వాడుకను తప్పనలేము. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ‘అభిమానం’: సంస్కృతంలో అహంకారమనే అర్థమూ ఉన్న ఈ మాట మనకు ప్రేమగా మారి, సినిమా నటుల అభిమానుల దాకా వచ్చింది, అయినా ‘అభిమానం చంపుకుని చెయ్యి చాచాను’ అన్నప్పుడు పాత అర్థపు ఛాయ ఇంకా పలుకుతుంది. 1982లో తెలుగుదేశం పార్టీని స్థాపించిన ఎన్.టి.రామారావు గారు ‘ఆత్మగౌరవం’ అన్నారే తప్ప గర్వం అనలేదు; ఆ ఎంపిక ఎంత సరైనదో ఇప్పుడు అర్థమవుతోంది.

చివరికి అమ్మనే అడిగి, కొట్టేసిన మాట కిందనే ‘నిన్ను చూస్తే కడుపు నిండింది తల్లీ’ అని రాసి కార్డు ఇచ్చాను.