శత్రుసేనలో చేరిన మన సిపాయిలను ఏమనాలి?

పలాస పాఠకుడు:
రెండవ ప్రపంచయుద్ధంలో బ్రిటిషు సేన తరఫున పోరాడుతూ ఉత్తర ఆఫ్రికాలో పట్టుబడిన భారతీయ సిపాయిలు చాలామంది జర్మన్ సైనిక దుస్తులు తొడుక్కుని, హిట్లర్ పేరునా సుభాష్ చంద్రబోసు పేరునా ప్రమాణం చేసి, సుమారు మూడువేల మంది దళంగా ఏర్పడ్డారు. 1944 ఆగస్టులో ఆ దళం నాజీల సాయుధ విభాగమైన ఎస్.ఎస్. కిందికి వెళ్ళింది. ఉప్పు తిన్న చోటే తుపాకి గురిపెట్టడం ద్రోహం కాదా?

విజయనగరం మాస్టారు:
ఉప్పు మాటతో తీర్పు చెప్పవద్దని మనవి. ఆ ఉప్పు మీద కూడా మన దగ్గర పన్ను గుంజినవారే ఆ దొరలు. 1945 నవంబరులో ఎర్రకోటలో, జపాను అండతో బోసు నడిపిన ఆజాద్ హింద్ ఫౌజు అధికారులు షానవాజ్ ఖాన్, సెహగల్, ధిల్లాన్‌ల విచారణ మొదలైనప్పుడు, పరాధీనంలో ఉన్న జాతికి విముక్తి కోసం యుద్ధం చేసే హక్కు ఉందని వారి తరఫు న్యాయవాది భూలాభాయ్ దేశాయ్ వాదించారు. ఆ వాదన నాకు నేటికీ సమ్మతమే. అయితే జర్మనీ దళానికి అది పూర్తిగా అన్వయించదు. 1943 ఫిబ్రవరిలో బోసు జలాంతర్గామిలో తూర్పుదేశాలకు బయలుదేరాక, ఆ సిపాయిలు హాలండులోనూ ఆపై ఫ్రాన్సులోనూ హిట్లర్ ఆక్రమించుకున్న తీరానికి కాపలా కాశారే తప్ప మన నేలవైపు ఒక్క అడుగూ వేయలేకపోయారు. పైగా ముళ్ళకంచె వెనుక ఆకలితో ఉన్నవాడు ‘చేరతాను’ అంటే, దానిని స్వచ్ఛందమనడానికి నాకు నోరు రాదు. ఇంఫాల్ వైపు నడిచిన ఆజాద్ హింద్ ఫౌజు సంగతి వేరు. వారు వచ్చింది మన సరిహద్దుకే.

టెక్కలి నుంచి ఒక మనుమరాలు:
మాస్టారూ, వారు ఎవరి వెంట వచ్చారో కూడా చూడండి. మా తాతగారు బర్మాలోని రంగంలో, అంటే రంగూనులో, బియ్యం మిల్లులో కూలి. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు ఆ ఊరిమీద బాంబులు కురిపించాక, కొండలూ అడవులూ దాటి కాలినడకన ఇల్లు చేరారు. దారిపొడవునా నీళ్ళు తాగిన ఇత్తడి చెంబు, అడుగున సొట్టతో, ఇప్పటికీ మా దేవుడి గూట్లోనే ఉంది. ఆ జపాను సేనతో కలవడానికి ఒప్పుకోని భారతీయ యుద్ధఖైదీలను వేల సంఖ్యలో న్యూగినీ వైపు దీవులకు వెట్టిచాకిరికి తరలించారు. ఆకలికీ జబ్బులకూ అక్కడ ఎందరో రాలిపోయారు. చేరడం దేశభక్తి అయితే, చేరనివారిది ఏమిటండీ?

విజయనగరం మాస్టారు:
తల్లీ, మీ ప్రశ్న రాత్రంతా నన్ను వదలలేదు. 1972లో కేంద్రం తెచ్చిన సమరయోధుల పింఛను పథకంలో ఆజాద్ హింద్ ఫౌజు వారికి చోటు దక్కడం న్యాయమేనని ఇప్పటికీ అంటాను, చేరినవారిని ద్రోహులని అనను. కానీ చేరనివారిది బానిసబుద్ధి అని ఏళ్ళ తరబడి తరగతిలో చెప్పిన మాటను మాత్రం ఈ రోజు వెనక్కి తీసుకుంటున్నాను.