కతోలిక గుళ్లలో పాపసంకీర్తనానికి (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి) వరుస ఎందుకు తగ్గింది? నాలుగు ఊళ్ల వాళ్ల మాటలు

కడప: పండక్కి గుడి పట్టదు. మామూలు ఆదివారం పాపసంకీర్తనానికి వచ్చేది నలుగురైదుగురే, సత్ప్రసాదం (పూజలో ఇచ్చే పవిత్ర అప్పం) వరుస మాత్రం నిండుగా ఉంటాది. రెండో వాటికన్ సభ (రోములో జరిగిన బిషప్పుల సభ) వల్లేనా?

ఆదోని: సభ (1962–65) ఒక్కటే కాదన్నా. సత్ప్రసాదానికి ముందు అర్ధరాత్రి నుంచి ఉండాల్సిన ఉపవాసం 1957లో 3 గంటలకు, 1964లో గంటకు దిగింది. పెద్ద పాపం ఉంటే సంకీర్తనం చేయకుండా సత్ప్రసాదం తీసుకోకూడదు కదా. అప్పట్లో ఎవడైనా వరుసలోకి పోకుండా బెంచీలో కూర్చుండిపోతే కాఫీ తాగినాడేమో అనుకునేవాళ్లు. ఇప్పుడు కూర్చుంటే అందరి చూపూ వాడి మీదే. అందుకే సంకీర్తనం లేకుండానే వరుసలో నిలబడతారు.

అనంతపురం: పడమటి దేశాల్లో 1968 కూడా చూడాలి. గర్భనిరోధక మాత్రలు వద్దని ఆరో పౌలు పోపు గారు రాసినారు. చాలామంది వినలేదు, గురువు దగ్గర చెప్పుకోవడమూ మానేసినారు.

రాజంపేట: మన పల్లెల లెక్క వేరప్పా. ఫాదర్ గారు వంతులవారీగా వస్తారు. మిగతా వారాలు ప్రార్థన నడిపేది ఉపదేశి (గురువు కాని బోధకుడు), ఆయనకు పాపసంకీర్తనం వినే అధికారం లేదు. కువైట్ పోయినోళ్లకు సెలవు శుక్రవారం, ఆదివారం అలవాటు తప్పిపోతాది. ఇంకోటి, 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు ఎస్సీ హోదా లేదు. సర్టిఫికెట్ పోతుందని విచారణ (ఒక గురువు కింద ఉండే గుడి పరిధి) రిజిస్టర్‌లో పేరే రాయించని వాళ్లుంటారు. దాన్ని భక్తి తగ్గడమంటే నేనొప్పుకోను.